తవుడు జ్యూస్ డ్రమ్ము మార్చుకునేవారు ముందు అడుగు చూడాలి

నెల్లూరు జిల్లా తీరంలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లో ఏ రొయ్యల గుంట గట్టు ఎక్కినా, మోటారు షెడ్డు పక్కన ఒకటో రెండో నీలం డ్రమ్ములు కనబడతాయి. వాటిలో తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి, కొందరైతే ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పొడి కూడా వేసి, ఒకటి రెండు రోజులు పులియబెట్టి గుంటలో చల్లుతారు. దానికి మన రైతుల నోట జ్యూస్ అనే పేరు స్థిరపడిపోయింది. పులిసిన తవుడు వల్ల నీటిలో రొయ్యపిల్ల తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, అమ్మోనియాను వాడుకునే మంచి బ్యాక్టీరియాకు ఆహారం దొరుకుతుంది. ఈ జ్యూస్ ఎందుకు, ఎంత అన్న చర్చ ఈ వ్యాసంలో పెట్టుకోవడం లేదు. ఇప్పటికే డ్రమ్ముతో పని నడుపుతూ, అది చాలక, మరింత మెరుగైన పాత్ర కొనాలనుకుంటున్న రైతు దేనిని చూసి ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం.

డ్రమ్ము చాలడం లేదనగానే ఎవరైనా ముందు పెద్ద డ్రమ్ము కోసం చూస్తారు. నేనూ అదే చేశాను. 200 లీటర్ల డ్రమ్ము స్థానంలో 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు తెచ్చి పెట్టాను. దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది, కుళాయి అడుగుకు నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది. మొదటి వారంలోనే తెలిసివచ్చింది ఏమిటంటే, జ్యూస్ దిగిపోయిన తరువాత ఆ నాలుగు వేళ్ళ మేర తవుడు బురదలా మిగిలిపోతుంది, దాన్ని తీయాలంటే ట్యాంకును వంచాలి, వంచాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మూడోసారికి మా పాలేరు విసుగెత్తి ఆ బురద మీదనే కొత్త తవుడు పోశాడు. మరునాటి ఉదయం మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టింది. గాలి అందని చోట పేరుకున్న పదార్థంలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. గుంట అడుగున నల్లమట్టిలో ఏ వాసనకు మనం భయపడతామో, దానినే డ్రమ్ములో తయారుచేసి గుంటలో పోయబోయామన్నమాట. ఆ 300 కిలోల సరుకును గట్టు అవతల పారబోసినప్పుడు అర్థమైంది, మార్చవలసింది సైజు కాదు, అడుగు అని.

పులియబెట్టే పనిలో బాగా ఆరితేరినవారు బీరు తయారుచేసేవారు. చాలా దేశాల్లో ఇళ్ళలోనే బీరు కాచుకునే అలవాటు ఉంది, వారు కూడా మొదట ప్లాస్టిక్ బకెట్టుతోనే మొదలుపెట్టి, తరువాత అడుగు గరాటాలా సన్నబడే పాత్రకు మారతారు. పని ముగిసిన ఈస్ట్ కిందికి దిగి ఆ మొనలో పేరుకుంటుంది, కింది వాల్వు తిప్పితే అది ముందు బయటికి వచ్చేస్తుంది, పైన తేరుకున్న ద్రవం కదలకుండా నిలుస్తుంది. మనకు కావలసిన పాఠం ఈ ఆకారం ఒక్కటే. అక్కడి తక్కిన హంగులను మక్కికి మక్కి దింపుకుంటే డబ్బు దండగ అవుతుంది. బీరు పులియడం మొదలైన తరువాత అందులోకి గాలి చొరబడకూడదు, చొరబడితే రుచి చెడుతుంది. అందుకే వారికి బిగుతు మూత, వాయువు బయటికి పోయి గాలి లోపలికి రాని ఎయిర్‌లాక్, చల్లబరిచే జాకెట్ అవసరమవుతాయి. మన తవుడు జ్యూస్‌కు పులిసే 24 గంటలూ లోపలికి గాలి కొడుతూనే ఉండాలి. ఇంటర్నెట్‌లో తళతళలాడే స్టీలు ఫెర్మెంటర్ బొమ్మ చూసి మనసు పారేసుకున్న రైతును ఒకరిని నేను ఎరుగుదును, ఆయన గురించి పాత్ర లోహం దగ్గర చెబుతాను.

కాబట్టి కొనడానికి ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి, మీరు చేసేది గాలి కొట్టే జ్యూసా, మూత పెట్టే జ్యూసా అన్నది. ఈస్ట్, బాసిల్లస్ జాతి ప్రోబయోటిక్‌లు వేసి తవుడు పులియబెట్టేవారికి గాలి కావాలి. బెల్లం నీళ్ళలో పెరుగు తరహా లాక్టిక్ బ్యాక్టీరియాను పెంచేవారికి గాలి అక్కర్లేదు, మూత పెట్టవచ్చు. అయితే మూతను బిగించకూడదు. ఈస్ట్ కూడా ఉన్న డ్రమ్ములో కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు అర కిలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అది మామూలు ఒత్తిడి దగ్గర 250 లీటర్లకు పైగా చోటు కోరుతుంది. ఐదు కిలోల బెల్లం వేసిన డ్రమ్ముకు ఇనుప పట్టీ బిగించి రాత్రి పడుకుంటే, తెల్లారేసరికి మూత ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వస్తుంది. మూతకు ఒక రంధ్రం చేసి, సన్నని పైపు దూర్చి, దాని రెండో కొసను నీళ్ళ సీసాలో ముంచి వదిలితే చాలు. ఇలాంటి జ్యూస్‌లో తవుడు లేకపోతే అడుగున పేరుకునేది తక్కువ, దీని కోసం గరాటా అడుగు కొననక్కరలేదు, పాత నీలం డ్రమ్మే సరిపోతుంది. ఇక నుంచి చెప్పేదంతా తవుడు వేసి గాలి కొట్టేవారి కోసం.

సైజు లెక్క సులువే. ఒక విడతకు 20 కిలోల తవుడు వాడేవారు, కిలోకు పది లీటర్ల నీళ్ళ చొప్పున 200 లీటర్లు పోస్తారు. తవుడు, బెల్లం కలిసి మరో 20 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. గాలి కొట్టినప్పుడు తవుడు నురుగు పొంగుతుంది, మొదటి ఆరు గంటల్లో మరీ ఎక్కువ. పాత్రలో పావు వంతు ఖాళీ లేకపోతే ఆ నురుగు అంచు దాటి కారి, చీమలు, ఈగలు మూగుతాయి. 220 లీటర్లకు పావు వంతు ఖాళీ కలిపితే సుమారు 300 లీటర్ల పాత్ర కావాలి. 200 లీటర్ల నీలం డ్రమ్ము ఎందుకు చాలలేదో ఈ లెక్కలోనే తెలుస్తుంది. దీనికి మించి పెద్దది కొనాలనిపిస్తే ఒక్కసారి ఆగి, ఒక 600 లీటర్ల పాత్ర కన్నా రెండు 300 లీటర్ల పాత్రలు మేలేమో ఆలోచించండి. ఒకటి చెడినా రెండోది ఉంటుంది, ఒకటి కడిగి ఎండబెడుతుండగా రెండోదానిలో పని నడుస్తుంది.

ఇక అడుగు. గరాటా ఆకారం అని అమ్మే పాత్రలన్నీ గరాటాలు కావు. కొన్నింటికి అడుగు నామమాత్రంగా వంగి ఉంటుంది, తడి తవుడు ఆ వాలు మీద జారదు, అక్కడే కూర్చుంటుంది. రెండు పక్కల గోడల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే తవుడు తనంతట తాను మొనకు జారుతుంది. 90 డిగ్రీలైతే సగం జారి సగం అతుక్కుంటుంది. కోణమానిని అక్కరలేదు, టేపు చాలు. 75 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాత్రకు గరాటా భాగం నిలువున 65 సెంటీమీటర్లు ఉంటే అది 60 డిగ్రీలు, 37 సెంటీమీటర్లే ఉంటే 90 డిగ్రీలు. ఈ వెడల్పులో 60 డిగ్రీల గరాటా ఒక్కటే సుమారు 95 లీటర్లు పడుతుంది, పైన నిలువు గోడ ఇంకో 46 సెంటీమీటర్లు ఉంటే మొత్తం 300 లీటర్లవుతుంది. కింద బకెట్టు పెట్టుకోవడానికి 45 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే, పాత్ర అంచు నేల నుంచి ఐదడుగులు దాటుతుంది. తవుడు బస్తా ఎత్తి పోసే మనిషికి ఒక మెట్టు కావాలి. ఈ మెట్టు సంగతి కొన్న తరువాత గాని ఎవరికీ గుర్తు రాదు.

మా గరాటా పాత్రను ట్రాక్టరు మీద నుంచి దించిన రోజు పక్క గుంట కుర్రవాడు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏంది మామా, ఇది డ్రమ్మా, గరాటానా? ఇంత మొనగా ఉంటే నిలబడేది ఎట్ట?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో వేళాకోళం ఉన్నా విషయమూ ఉంది. నిండిన పాత్ర పావు టన్ను బరువు తూగుతుంది, ఆ బరువంతా నిలువు గోడతో గరాటా కలిసే భుజాల మీద పడుతుంది. పాత్రతోపాటు ఇచ్చే ఇనుప స్టాండు సముద్రపు గాలికి రెండేళ్ళు నిలవదు, కాళ్ళు కింది నుంచి తుప్పు పట్టి ఒకనాడు ఒరిగిపోతుంది. గాల్వనైజ్ చేసిన పైపుతో స్టాండు చేయించడం ఒక పద్ధతి. గట్టు గట్టిగా ఉన్నచోట సిమెంటుతో ఇటుకల దిమ్మెలు మూడు కట్టి, వాటి మీద పాత్ర భుజాన్ని ఆనించే వలయం పెట్టడం ఇంకా చవక. ఏది చేసినా గట్టు అంచుకు దూరంగా పెట్టండి. కార్తీక మార్గశిరాల్లో వాయుగుండం పట్టినప్పుడు మన గట్లు ఎలా నానిపోతాయో మీకు తెలియనిది కాదు.

పాత్ర దేనితో చేసినదన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టం: అతుకులు లేకుండా పోతపోసిన మందపాటి పాలిథిలిన్ పాత్ర తీసుకోండి. ఎండకు పెళుసుబారకుండా యూవీ రక్షణ కలిపినదై ఉండాలి, లోపలి పొర తెల్లనిదైతే మురికి కనబడుతుంది. ఫైబర్ పాత్రలు గట్టివే గాని, లోపలి నునుపు పూత ఒక్కచోట పగిలితే ఆ పగులులో పాత జ్యూస్ దాగి కూర్చుంటుంది, బ్రష్షుకు అందదు. బావికి దించే సిమెంటు వరలు చవకగా దొరుకుతాయని కొందరు వాటిలో పులియబెడతారు. పులుపు సిమెంటులోని సున్నాన్ని తినేస్తుంది, గోడ గరుకెక్కుతుంది, గరుకెక్కిన గోడను శుభ్రం చేయడం ఎవరి తరమూ కాదు.

స్టీలు మోజు పడ్డ రైతు సంగతి చెబుతానన్నాను. ఆయన బీరు ఫెర్మెంటర్ నమూనా చూపించి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో అచ్చం అటువంటిదే చేయించాడు. చూడముచ్చటగా ఉంది. అయితే ఆయన జ్యూస్‌కు వాడింది గుంట నీరే. ఉప్పు నీటిలోని క్లోరైడు 304 స్టీలు మీది రక్షణ పొరను చుక్కలు చుక్కలుగా కొరికేస్తుంది, అడుగున తవుడు అతుక్కున్నచోట ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. ఏడాది తిరగకముందే వెల్డింగు అతుకు పక్కన గుండుసూది మొనంత రంధ్రాలు పడ్డాయి. మాలిబ్డినం కలిపిన 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది గాని, దాని ధరకు పాలిథిలిన్ పాత్రలు ఎన్నో వస్తాయి. బీరులో ఉప్పు ఉండదు, అందుకే వారికి 304 చక్కగా సరిపోతుంది. మీకు మంచినీటి బోరు ఉండి, ఆ నీటితోనే జ్యూస్ చేస్తే స్టీలు పనికొస్తుంది. అయినా నేను కొనను.

పాత డ్రమ్ములు అమ్మే అంగళ్ళలో జాగ్రత్త. డ్రమ్ము మీది లేబుల్ చింపేసి ఉంటే, అందులో అంతకుముందు ఏముందో అమ్మినవాడు చెప్పలేకపోతే, అది ఎంత చవకైనా వద్దు. పురుగుమందు, రంగు, ద్రావకం నిలవున్న ప్లాస్టిక్ వాటిని లోపలికి పీల్చుకుంటుంది, ఎంత కడిగినా నెమ్మదిగా వదులుతూనే ఉంటుంది. రొయ్య కూడా పురుగు తెగకు దూరపు చుట్టమే, పురుగుమందు జాడకు మనిషి కన్నా అది ముందే చచ్చిపోతుంది.

వాల్వు గురించి అందరూ ఒక్క మాటలో తేల్చేస్తారు గాని, నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే. మా మొదటి గరాటా పాత్రకు అంగుళం వాల్వు వచ్చింది. నీళ్ళతో పరీక్షించినప్పుడు ధారగా దిగింది. తవుడు వేసి పులియబెట్టిన మరునాడు తెల్లవారుజామున తిప్పితే మూడు చుక్కలు రాలి ఆగిపోయింది. మొనలో తవుడు పిండిముద్దలా బిగుసుకుపోయింది. సరుగుడు పుల్ల విరిచి కింది నుంచి పొడిస్తే ముద్ద ఊడి, రెండు బకెట్ల జ్యూస్ నా చొక్కా మీద పడింది, తరువాత మళ్ళీ బిగుసుకుంది. తవుడు ఉన్న పాత్రకు రెండంగుళాల బాల్ వాల్వుకు తగ్గకూడదు. బాల్ వాల్వు తెరిస్తే దారి పూర్తిగా తెరుచుకుంటుంది. లోపల బిళ్ళ అడ్డం తిరిగే రకమైతే ఆ బిళ్ళకే తవుడు పట్టుకుంటుంది. వాల్వును యూనియన్‌తో బిగించమనండి, చేత్తో విప్పి కడగడానికి వీలవుతుంది.

గరాటా మొనకూ వాల్వుకూ మధ్య ఉండే మెడ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే ఎంత గాలి కొట్టినా ఆ మెడలోని తవుడు కదలదు, చెడు వాసన పుట్టేది అక్కడే. మేము పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాల్వు తెరిచి, వచ్చిన బకెట్టెడు ముద్దను మళ్ళీ పై నుంచి పోస్తాం. ఆ ముద్ద రంగూ వాసనా చూస్తే పాత్రలో పని ఎలా నడుస్తున్నదో తెలిసిపోతుంది. బూరెల పిండి పులిసినట్టు తియ్యపుల్లని వాసన వస్తే సరే. వాసన ముక్కుకు గుచ్చినా, ముద్ద బూడిద రంగుకు తిరిగినా గాలి చాలడం లేదని అర్థం.

గాలి పైపును పై నుంచి దించి, దాని కొసను మొనకు అరచేతి ఎత్తున ఆపాలి. బుడగలు అక్కడ మొదలై పైకి లేస్తూ తవుడును తమతో లేపుతాయి, గోడల వెంట అది మళ్ళీ కిందికి జారుతుంది, అలా ఆగకుండా తిరుగుతుంది. బల్లపరుపు అడుగున ఎన్ని పైపులు పెట్టినా మూలల్లో ఇలా జరగదు. ఎయిర్‌స్టోన్ వాడవద్దు, గాలిని బుడగలుగా వదిలే ఆ రాయి సన్న రంధ్రాలు తవుడుతో రెండు రోజుల్లో మూసుకుంటాయి. పీవీసీ పైపు కొసన మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరేడు చేసి వదిలితే చాలు. 300 లీటర్ల పాత్రకు మేము నిమిషానికి 60 నుంచి 100 లీటర్ల గాలి ఇచ్చే పంపు వాడుతున్నాం. చిన్న అక్వేరియం పంపులు చాలావరకు తక్కువ లోతుకే గాని, మీటరు లోతుకు గాలిని సరిగా నెట్టలేవు. పంపును పాత్రలోని ద్రవమట్టం కన్నా ఎత్తున బిగించండి. కరెంటు పోయినప్పుడు జ్యూస్ పైపు గుండా వెనక్కి నడిచి పంపులోకి చేరుతుంది, అలా ఒక పంపు పాడైన తరువాత నేనూ ఎత్తున బిగించాను. గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లకు జనరేటరు ఉన్నవారు దాని నుంచే ఒక తీగ ఈ పంపుకూ లాగితే రెండు గంటల కోతలో తవుడు అడుగున బిగుసుకోదు.

నీడ తప్పనిసరి. ఈస్ట్‌కు 30, 35 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 40 దాటితే ఢీలా పడుతుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలబెట్టిన పాత్రలో జ్యూస్ ఆ హద్దు సులువుగా దాటుతుంది. నాలుగు సరుగుడు గుంజలు పాతి తాటాకు పందిరి వేసి, పాత్ర చుట్టూ తడి గోనె చుడితే దించగలిగినంత దిగుతుంది. ఈ చలువ కోసం ఖర్చుపెట్టి యంత్రాలు కొనవలసిన పని మనకు లేదు. చలి రోజుల్లో మాత్రం 24 గంటల్లో అయ్యే పని 36 గంటలు పట్టవచ్చు, తొందరపడి దించవద్దు.

కొనేటప్పుడు అంగట్లోనే చేయగల పరీక్షలు రెండున్నాయి. పాత్రను తలకిందులుగా వంచి లోపల టార్చిలైటు వేయండి. వెలుతురు గోడ అంతటా ఒకే తీరుగా కనబడాలి, మొన దగ్గర ఎక్కువగా వెలిగితే అక్కడ ప్లాస్టిక్ పలచగా ఉందన్నమాట, పగిలేది కూడా అక్కడే. రెండోదానికి అంగడివాడు నవ్వినా పర్వాలేదు, రెండు దోసిళ్ళ తవుడు సంచిలో వెంట తీసుకువెళ్ళండి. స్టాండు మీద పెట్టించి, వాల్వు మూసి, బకెట్టు నీళ్ళలో ఆ తవుడు కలిపి పోసి, పది నిమిషాలు ఆగి వాల్వు తెరవండి. గోడకు అంటుకున్నది ఒక చెంబు నీళ్ళతో జారిపోతే పాత్ర తీసుకోవచ్చు. గరాటా భుజం మీద అరలా నిలబడిపోతే, మీ గట్టు మీద రోజూ నిలబడేది అదే.

పాత్ర ఇంటికి వచ్చాక కడిగే పని వాల్వు నుంచి మొదలుపెట్టండి. ప్రతి విడత తరువాత నైలాన్ బ్రష్షుతోనే రుద్దాలి, ఇనుప పీచు వాడితే గీతలు పడి వాటిలో పాత సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. నెలకొకసారి బ్లీచింగ్ పౌడరు పెట్టవచ్చు. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి 70 గ్రాములను 100 లీటర్ల నీటిలో కలిపితే సుమారు 200 పీపీఎం (లీటరుకు 200 మిల్లీగ్రాముల) క్లోరిన్ వస్తుంది, అరగంట నానిస్తే చాలు. సముద్రపు చెమ్మకు తెరిచి ఉంచిన సంచిలోని పొడి సత్తువ కోల్పోతుంది, అందుకే తాజాది అన్నాను. ఆ నీళ్ళలో యాసిడ్ గాని నిమ్మ ఉప్పు గాని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు పుడుతుంది. తరువాత రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి, వాల్వు విప్పి, ఒక పూట ఎండనివ్వాలి. క్లోరిన్ వాసన మిగిలి ఉండగా ఈస్ట్ వేస్తే అది అక్కడికక్కడే చస్తుంది.

కొత్త పాత్రలో మొదటి విడత సగం కొలతతోనే వేసి చూడండి, నురుగు ఎంత ఎత్తు పొంగుతుందో, వాల్వు ఎలా దిగుతుందో తెలుస్తుంది. పాత నీలం డ్రమ్మును మాత్రం అమ్మేయకండి. కొత్త పాత్ర పక్కన దాన్ని నిలబెట్టి, మూతికి దోమతెర కట్టి, వాల్వు కింద బకెట్టుతో పట్టిన జ్యూస్‌ను అందులోకి వడగట్టుకుంటే, తవుడు పొట్టు తెరలో ఆగిపోతుంది, గుంటకు మోసేవారి బకెట్లోకి పలచని జ్యూస్ మాత్రమే దిగుతుంది. మా పాలేరు అయితే ఆ మిగిలిన పొట్టును మధ్యాహ్నం గేదెల కుడితిలో కలుపుతాడు.